బట్టతల జాబెజ్ దువ్వెన

జాబెజ్ తల మీద ఒక్క వెంట్రుక లేదు. జేబులో దువ్వెన లేకుండా మాత్రం ఏనాడూ గడప దాటలేదు. తడి సిమెంటు కనబడితే చాలు, ఆ దువ్వెన బయటికొచ్చేది.

కుడతిని కరెంటు ప్లాంటులో అతను పైపుల ఫిట్టరు. ఒకనాడు టీ తాగుతూ ఒక ఇంజినీరు చెప్పాడట, నీరు పారే దారి వెంబడి సన్నటి గీతలుంటే నున్నటి గోడకన్నా రాపిడి తక్కువని, సొరచేప చర్మం అట్లాంటిదేనని. ఆ టీ అప్పుడే చల్లారింది. జాబెజ్ చల్లారలేదు.

ఎమ్మిగనూరులో పక్కింట్లోనే ఉండే అక్క సామ్రాజ్యానికి ఊళ్లో ఏదైనా తెలియకపోతే అన్నం దిగదు. ఆమె స్నానాల గదికి కొత్తగా సిమెంటు పూత పూశారు. మేస్త్రీ చేతులు కడుక్కుని వచ్చేలోగా గోడంతా గీతలు. సామ్రాజ్యం తలుపు దగ్గరే ఆగింది.

"ఒరే, ఇది గోడనా, దున్నిన చేనా?"

"నీళ్లు సులువుగా జారతాయక్కా. సొరచేప మాదిరి."

"నువ్వు సొరచేపను యాడ చూసినావు?"

"సండే స్కూలు పుస్తకంలో."

"అది బైబిల్లో యోనాను మింగిన చేప గదరా."

"మింగినాక కూడా సులువుగానే ఈదింది."

ఎర్రదుమ్ము పట్టిన గనుల లారీ ఆగితే దాని తలుపు దువ్వేవాడు. పళ్లెంలో ఉప్పిట్టు పెడితే ఆ ఉప్మా మీదా గీతలు లాగి, నెయ్యి ఎటు పారుతుందో చూస్తూ కూర్చునేవాడు.

ఊళ్లో భీమప్ప తన మోటారు నీళ్లను కాలువలో వదిలి రైతులకు వంతులేసి ఇస్తాడు. ఆ ఏడు ఆ కాలువ చివర దుర్గక్క అరెకరం ఎండిపోతోంది. రోజుకో గంట ఆమె వంతు. కాలువ గోడల నిండా సిమెంటు గడ్డలు, నడుమ మోచెయ్యి మడిచినట్టు ఒక మూల. నీళ్లు అక్కడ సుళ్లు తిరిగి, రంకెలేసి, చేను చేరేసరికి గంట అయిపోయేది. బాగుచేద్దామంటే మేస్త్రీలంతా గనుల కూలికి పోయారు. నారుమడి పసుపుకు తిరిగింది. ఇంకో వారం ఇట్లాగే ఉంటే ఆ ఏడు దుర్గక్కకు వరి లేనట్టే.

ట్రాన్స్‌ఫార్మరు కాలి కరెంటు లేక కాలువ ఎండిన ఆదివారం జాబెజ్ చర్చి ఆరాధనకు రాలేదు. రెండో కీర్తన కాకముందే సామ్రాజ్యం లేచి వెతుక్కుంటూ పోయింది. కాలువలో ఎండకు తల మెరుస్తోంది, చేతిలో సుత్తి, పక్కన సిమెంటు గమేళా. కాలువ మూల ముక్కలైపోయి ఉంది. సామ్రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలోనే భీమప్ప వచ్చాడు.

"జాబెజప్పా, గీతలు గీసుకుంటానంటే పోనీలే అంటి. మూలే పగలగొట్టినావే, తలె కెట్టిందా, పిచ్చి పట్టిందా ఏంది?"

"వంపు తిప్పితే నీళ్లు తిరగబడవు భీమప్పా."

"నీళ్లు ముందరికన్నా బిరీన పోకుంటే కాలువంతా నువ్వే కట్టియ్యల్ల. దుర్గక్క వంతు కూడా రద్దు."

"నా వంతును మీరిద్దరూ పందెం కాసేది ఏందప్పా?" అంది చేని నుంచి వచ్చిన దుర్గక్క. భీమప్ప అప్పటికే ఇంటిదారి పట్టాడు.

బుధవారం కరెంటు వచ్చింది. జాబెజ్ నీళ్లలో ఒక తంగేడు పువ్వు వేసి దాని పక్కనే నడిచాడు. వెనక ఊరు నడిచింది. రోజూ గోల చేసే మూల దగ్గర చప్పుడు లేదు.

"నిలిచిపోయినాయి," అన్నాడు భీమప్ప.

"పోతాండాయి. గొడవ చేసే నీళ్లు యాడికీ పోవు," అని జాబెజ్ అక్క వైపు చూశాడు.

పువ్వు వంపు తిరిగి వీళ్లకన్నా ముందు చేను చేరింది. దుర్గక్క మడిలో చీలమండ దాకా నీళ్లలో నిలబడి, ఇంకా అరగంట వంతు మిగిలిందంటే నమ్మలేక తన కాళ్లనే చూసుకుంటోంది. భీమప్ప తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

సామ్రాజ్యం మాత్రం కదల్లేదు. వంగి, కాలువంతా చూసింది.

"ఒరే, నీళ్లు తగలని గట్టు మీద కూడా గీతలెందుకురా?"

జాబెజ్ గొంతు తగ్గించాడు. "గీతల పని నూటికి రెండు పాళ్లుంటే గొప్ప అక్కా. గడ్డలు గీకింది, మూల తిప్పింది అసలు పని. దుర్గక్క కోసం బాగుచేస్తానని మూడుసార్లు అడిగితే భీమప్ప తన కాలువ ముట్టొద్దన్నాడు. పిచ్చి గీతలు గీసుకుంటానంటే నవ్వి, గీసుకో పొమ్మన్నాడు."

సామ్రాజ్యం నిటారుగా లేచి నిలబడింది. "మరి నా స్నానాల గది?" అంది.

"అది నిజం పిచ్చే."

కోతలయ్యాక దుర్గక్క కొత్త బియ్యంతో పాటు ఒక కొత్త దువ్వెన, సీసాడు కొబ్బరినూనె తెచ్చి జాబెజ్ చేతిలో పెట్టింది. అతను దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. సీసా మూత తీసి, వాసన చూసి, మెల్లగా అక్క స్నానాల గది గోడ వైపు తిరిగాడు.

సామ్రాజ్యం ఆ వయసులో అంత వేగంగా పరిగెత్తగలదని ఊరికి ఆ రోజే తెలిసింది. సీసా ఇప్పటికీ ఆమె పెట్టెలో తాళం కింద ఉంది.