హనోకు కట్టిన బండి

మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర హనోకు మెకానిక్ షెడ్డు ఉంది. ఆయనకు యాభై మూడేళ్ళు. కాలవ గట్ల మీద తిన్నని రోడ్లలో కుర్రాళ్ళు పందేలు వేసుకునే రోజుల్లో, హనోకు చైనుచక్రాలు మార్చిన బండిని దాటినవాడు లేడని పేరు. వెనక చైనుచక్రానికి పళ్ళు తగ్గిస్తే బండి నేల బారున ఈటెలా పోతుంది. కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా ఎక్కడా మిట్టన్నది లేదు కాబట్టి ఆయన విద్యకు అంతకంటే పని పడలేదు.

గుడివాడలో ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పే వెన్నెల అనే అమ్మాయి కూడా తన బండి ఆయన దగ్గరే చేయించుకునేది. ఇరవై ఆరేళ్ళది. పాడేరు వైపు ఘాట్ రోడ్డు మీద జరిగే కొండెక్కే పందెంలో ఆమెకు చోటు దొరికింది. ఆ కబురుతో షెడ్డుకు వచ్చింది. నలుగురు కూర్చుని ఉన్నారు.

"బాబాయ్, కొండెక్కే పందేనికి బండి ఎప్పుడైనా కట్టారా?" అని అడిగింది.

"కట్టకేం. కుర్రతనంలో రెండు మూడు కట్టాను," అన్నాడు హనోకు.

అది అబద్ధం. ఆయన కొండను బెజవాడలో బస్సు కిటికీలోంచి చూశాడు, అంతే. నలుగురి ముందు లేదనడానికి నోరు రాలేదు.

వెన్నెల తనకు తెలిసింది చెప్పింది. మలుపు తిరిగాక బండి ఒక్కసారిగా లాగాలంటే వెనక చైనుచక్రానికి నాలుగైదు పళ్ళు పెంచాలట. పరుగు మూడు నిమిషాలే కాబట్టి వెంటనే వేడెక్కి రోడ్డును పట్టుకునే మెత్తటి టైర్లు కావాలట. హనోకు నవ్వాడు. మెత్తటి రబ్బరు మన ఎండకి రెండు రోజుల్లో అరిగిపోద్దన్నాడు. పళ్ళు పెంచితే బండి అరుస్తుందే గానీ పరుగెత్తదన్నాడు. ఆమె బండి తాళంచెవి ఆయన చేతికిచ్చింది. హనోకు తనకు అలవాటైన చిన్న చైనుచక్రమే వేసి, గట్టి టైర్లు ఎక్కించాడు.

నిజానికి అడగడానికి మనిషి ఉన్నాడు. వెంకటపతి ఇదే షెడ్డులో ఆరేళ్ళు పని నేర్చుకుని విశాఖపట్నం వెళ్ళాడు. ఘాట్ రోడ్డు బండ్లకు అక్కడ అతనిదే చెయ్యి. ఫోన్ నంబరు కూడా ఉంది. తన దగ్గర స్పానరు పట్టడం నేర్చినవాణ్ణి అడగడమా అనుకుని హనోకు ఊరుకున్నాడు.

పందెం రోజు పొద్దున కొండ మీద మంచు పట్టి ఉంది. రోడ్డు తడిగా, చల్లగా ఉంది. పక్క బండ్ల వెనక చైనుచక్రాలు చూడగానే హనోకుకు సంగతి అర్థమైంది. అన్నీ పెద్దవి. ఒక టైరును గోటితో నొక్కితే గుంట పడింది. తన టైరు నొక్కితే రాయిలా ఉంది.

ముందుగా ఒక ప్రాక్టీసు పరుగు వేసి వచ్చి, పదునైన మలుపుల్లో రెండో గేరులో బండి లాగలేక చచ్చిపోతోందని, మొదటిది వేస్తే బండి ఎగిరిపడుతోందని వెన్నెల చెప్పింది. అప్పుడే, వేరేవాళ్ళ బండి పని మీద అక్కడికొచ్చిన వెంకటపతి దగ్గరకు వచ్చాడు. హనోకు కాళ్ళకు దణ్ణం పెట్టాడు. బండి చూశాడు గానీ తప్పు అనలేదు.

"గురువుగారూ, నా దగ్గర ఇంకో సెట్టుందండీ. చైనుచక్రం, టైర్లు అన్నీ. మధ్యాహ్నం దాకా టైముంది, అరగంటలో మార్చేద్దాం," అన్నాడు మెల్లగా.

"అక్కర్లేదు. కావాలనే ఇలా కట్టాను," అన్నాడు హనోకు.

వెన్నెల ఆయన ముఖం వంక ఒకసారి చూసి హెల్మెట్ చేతిలోకి తీసుకుంది.

మధ్యాహ్నం పరుగులో ఆమె నాలుగో మలుపు దగ్గర పడింది. మొదటి గేరులో యాక్సిలరేటర్ తిప్పగానే వేడెక్కని గట్టి టైరు జారి, బండి ఆమెను గోడకేసి కొట్టింది. మెడ కింద ఎముక, కుడి మణికట్టు విరిగాయి. అంబులెన్సులో ఎక్కిస్తుంటే ఎలా పడ్డావని నిర్వాహకులు అడిగారు. బ్రేకు ఆలస్యంగా వేశానని, బండి బాగానే ఉందని ఆమె చెప్పింది. హనోకు అక్కడే నిలబడి విన్నాడు. కాదని అనలేదు.

తిరిగి వచ్చాక ఆ మాటే బందరులో పాకింది. పిల్ల తొందరపడింది గానీ బండిలో లోపం లేదట అని జనం అనుకున్నారు. షెడ్డుకు వచ్చేవాళ్ళు పెరిగారు. ఎవరైనా ఆ పందెం మాట ఎత్తితే హనోకు బండి కిందకు దూరి, లేని పని చేస్తున్నట్టు పడుకునేవాడు. భోజనం దగ్గర భార్య ముట్టని కంచం చూసి ఒంట్లో బాగోలేదా అని అడిగితే అవునన్నాడు.

మూడు వారాలకు బస్సెక్కి గుడివాడ వెళ్ళాడు. వెన్నెల చెయ్యి కట్టులో ఉంది. స్కూటర్ పాఠాలు ఆగిపోయాయి. నేర్చుకునే ఇద్దరు ఆడవాళ్ళు పరామర్శకు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాడు. మళ్ళీ, అబద్ధం నలుగురిలో ఆడినప్పుడు ఇది చాటుగా ఎందుకనిపించింది.

"అమ్మా, నేను కొండకి బండి ఎప్పుడూ కట్టలేదు. నువ్వు చెప్పిందే సరైంది. వెంకటపతి మారుస్తానన్నప్పుడు కూడా నాకు తెలుసు," అన్నాడు.



"ప్రాక్టీసులోనే నాకూ తెలిసింది బాబాయ్. వెంకటపతి గారి ముందు మీ మాట తీసేసినట్టు అవుతుందని ఊరుకున్నాను. అలా ఊరుకోకూడదు. ఈసారి బండి వెంకటపతి గారికిస్తాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే హనోకుకు కాస్త తేలికయ్యేది. అలాగే అమ్మా అని లేచాడు. మర్నాడు షెడ్డులో కూర్చున్న వాళ్ళకు, అడగకుండానే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇద్దరు నమ్మలేదు. ఒకడు నవ్వాడు.

ఆ తర్వాత వెంకటపతికి ఫోన్ చేసి, పని చూడటానికి రావచ్చా అని అడిగాడు.

మరుసటి ఏడు అదే కొండ కింద హనోకు స్పానర్లు అందించాడు. పళ్ళు ఎన్ని ఉండాలో, టైరులో గాలి ఎంత ఉంచాలో వెంకటపతి చెబుతుంటే విన్నాడు. పదకొండు మందిలో వెన్నెల ఏడోదిగా వచ్చింది, కింద పడకుండా. బండి చూడటానికి వచ్చిన వాళ్ళలో ఒకరు ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని వెంకటపతిని అడిగారు.

"బందరులోనండీ. ఈయన దగ్గర," అన్నాడు వెంకటపతి, పక్కకు చూపిస్తూ.

హనోకు తల ఎత్తలేదు. చైనుకు అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.