పంచె మీద దుమ్ము

తెనాలిలో మా వీధి వెనక, మూతబడిన రంగుల ఫ్యాక్టరీలో రసాయనాలతో చెడిన మట్టిని తవ్వి తరలించిన వేసవిలో మేము పోగొట్టుకున్నవి మూడు: పదకొండు పంచెల వడియాలు, డాబా మీద నిద్ర, అధికారులు తాగొద్దన్న పక్కింటి పిన్ని బోరు నీళ్లు.

పిన్నితో కలిసి, వడియాలు పెట్టిన తెల్ల పంచె తీసుకెళ్లి తవ్వకం సూపర్‌వైజరుకు దుమ్ము చూపించాను.

"దుమ్ము కొలవడానికి మిషన్ ఉందండి బాబాయ్," అన్నాడతను.

"మీ మిషన్ గేటు లోపలుంది నాయనా, మా వడియాలు బయటున్నాయి," అంది పిన్ని.

అతను నవ్వేశాడు. మర్నాటి నుంచి మట్టి తడిపి, లారీలకు పట్టాలు కప్పి పంపారు. పన్నెండో పంచె తెల్లగానే ఉంది.

పని ముగిశాక బోరు నీళ్లకు నాలుగు పరీక్షలు చేయిస్తామని, నాలుగూ బాగుంటేనే తాగొచ్చని అధికారులు అన్నారు. మూడు బాగానే వచ్చాయి. పిన్ని బిందె తోమి సిద్ధంగా ఉంచింది. ఒక్క పరీక్ష ఇంకా బాకీ.