గార్లదిన్నె పక్క గడి

ఈశ్వరికి చూపు పుట్టుకతోనే లేదు. నిదానమూ లేదు. చూపు లేనందుకు ఆమెను ఎవరూ ఏమీ అనలేదు గానీ నిదానం లేనందుకు చీవాట్లు చాలానే తిన్నది. బెంగళూరులో మూడు నెలలు శిక్షణ తీసుకుని, 2005 నాటికి కొత్తచెరువులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సమాచార కేంద్రంలో కంప్యూటరు పనికి కుదిరింది. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటి ఆ కంప్యూటరులో ఉండేది. దాని వేగాన్ని ఆమె ఎంత పెంచిందంటే, పక్కవాళ్లకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అదీ ఆమెకు చాలేది కాదు. కుర్చీలో ఉన్నా కాలుగాలిన పిల్లే.

వానాకాలంలో గొర్రెల కాపరులు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఏ మండలంలో ఎంత వాన పడిందో రోజూ ఒక వెబ్ పేజీలో పట్టికగా పెట్టేవాళ్లు. వాన పడినచోట గడ్డి మొలుస్తుంది, మందను అటు తోలాలి. మొదటి గడిలో మండలం పేరు, రెండో గడిలో నిన్నటి వాన, మూడో గడిలో ఆ నెలలో మామూలుగా పడాల్సిన వాన. మూడు మీటలు కలిపి నొక్కుతూ పోతే గొంతు ప్రతి గడి నంబరూ చెప్పి చదువుతుంది, ఏమీ లేకపోతే ఖాళీ అంటుంది. ఉత్త బాణం మీటతో పని త్వరగా అవుతుంది గానీ ఖాళీ గడి చప్పుడు చేయకుండా జారిపోతుంది. ఈ సంగతి ఈశ్వరికి బాగా తెలుసు. తెలిసీ బాణం మీటే నొక్కేది.

ఆ జూలైలో చెన్నప్ప వచ్చాడు. అరవై గొర్రెలు, పది రోజులుగా సరైన మేత లేదు.

"గొర్రెలు నిలబడలేకుండా ఉండాయి పాపా. యాడన్నా వాన పడిండాదా?"

ఆమె వేళ్లు పరుగెత్తాయి. "గార్లదిన్నెలో అరవై రెండు మిల్లీమీటర్లు పడిండాది అన్నా. కదిరిలో పన్నెండే."

కదిరి మూడు రోజుల నడక. గార్లదిన్నె ఐదారు రోజులు, అదీ ఇంకో దిక్కున. చెన్నప్ప సరేనని వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున సంస్థ నివేదిక కోసం అదే పట్టికను గడిగడిగా వినాల్సి వచ్చింది. గార్లదిన్నె. రెండో గడి, ఖాళీ. మూడో గడి, అరవై రెండు. ఆమె మళ్లీ విన్నది. మూడోసారీ అదే. ఆ మండలం నుంచి ఆ రోజు లెక్కే రాలేదు. తను చెప్పింది పడిన వాన కాదు, పడాల్సిన వాన.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని నాయన తిట్టే తిట్టు గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. చెన్నప్పకు ఫోను లేదు. మిగతా పట్టిక వినకుండానే లేచి, కర్ర తీసుకుని, గార్లదిన్నె దారినే పోయే ధర్మవరం బస్సెక్కింది. మంద కనబడితే ఆపమని మొదటి కిలోమీటరులోనే డ్రైవరుకు నాలుగుసార్లు చెప్పింది.

"కూచోమ్మా, నాకు కండ్లుండాయిలే," అని అతను నాలుక కరుచుకున్నాడు. ఆమె అదేమీ పట్టించుకోలేదు. దారిలో కనబడిన మొదటి మంద ఎవరిదో. రెండోది చెన్నప్పది.

"తప్పు చెప్పినా అన్నా. గార్లదిన్నె గడి ఖాళీగా ఉండాది. నేను పక్క గడి చదివినా."

చుట్టూ గొర్రెలు దగ్గుతున్నాయి. చెన్నప్ప గొంతు పెంచలేదు.

"గాలి ఆ పక్కనుంచే కొడతాండాది. తడి వాసన లేదు. నాకు అనుమానమే. నువ్వు లెక్క చూసి చెప్పినావు కదా అని పోతాండా. రాత్రి రెండు పిల్లలు సచ్చిపోయినాయి."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఈశ్వరికి.

"ఇంగ యాడికి పొమ్మంటావు?"

కదిరి అనబోయింది. ఆ పన్నెండు కూడా బాణం మీటతో విన్నదే. పొద్దున కదిరి వరుస దాకా వినకుండానే పరుగెత్తుకొచ్చింది.

"నాకు తెలీదు అన్నా."

"ఆ మాట నిన్ననే చెప్పింటే పిల్లలు బతికిండేవి," అని చెన్నప్ప మందను వెనక్కి తిప్పాడు.