రెండు సముద్రాల దేశం

సంపూర్ణమ్మ భర్త అమ్మిరాజు 1994లో చేపల పడవల మీద పనికి బహ్రెయిన్ వెళ్లాడు. వాళ్లకు పిల్లల్లేరు. మొగల్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో ఆమె ఒక్కతే ఎండుచేపలు అమ్ముకుంటూ ఉండేది. చదువు రాదు. భర్త ఉత్తరాలను పోస్ట్‌మ్యాన్ చంద్రరావుగారే చదివి వినిపించేవారు.

రెండో ఏడు ఆఖర్న వచ్చిన ఉత్తరాన్ని ఆయన ముందు తనలో తను చదువుకుని మడిచేశారు.

"ఏం రాశారండి?"

"ఆ దేశానికి ఆ పేరెలా వచ్చిందో రాశాడమ్మా. వాళ్ల భాషలో బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలంట. ఒకటి ఉప్పుది. రెండోది దాని అడుగున ఊరే మంచినీళ్లని అక్కడివాళ్లు చెప్పుకుంటారంట. పూర్వం మనుషులు మునిగి, తోలుసంచుల్లో పట్టుకొచ్చి తాగేవారంట."

"ఇంకా?"

"అంతేనమ్మా."

ఆ తర్వాత ఉత్తరాలు రాలేదు. పడవ మీద తీరిక ఉండదు కాబోలు అనుకుంది. నరసాపురం బజారులో ఎవరు పలకరించినా ఆ రెండు సముద్రాల సంగతి చెప్పేది. ఇంటికొచ్చాక చెప్పడానికి ఎవరూ లేక, అన్నం తింటూ ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టుకునేది.

1998లో హేమశ్రీ అనే టీచరు బడిలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. సంపూర్ణమ్మ ఒక్కరోజూ మానలేదు. ఆరో నెలలో, తలుపు దగ్గరగా వేసుకుని, ఉత్తరం విప్పింది.

దేశం పేరు సంగతి మొదటి నాలుగు వరుసల్లో ఉంది. దాని కింద ఇంకా ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఇక్కడ వంట చేసే ఒకామెతో ఉంటున్నాను. ఇంక రాను. నా కోసం చూడొద్దు."

తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివింది.

సాయంత్రం చంద్రరావుగారింటికి వెళ్లి, "నాకు చదవడం వచ్చిందండి" అంది.

ఆయన తల దించుకున్నారు. "నోరు రాలేదమ్మా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఈలోగా నువ్వు ఆ పేరు కథ సంతోషంగా అందరికీ చెప్పుకుంటున్నావు."

ఆమె కార్డు ఒకటి ముందు పెట్టింది. అడ్రసు ఒక్కటి ఆయన చేత ఇంగ్లీషులో రాయించుకుంది. మిగతాది తనే రాసింది: "ఉత్తరం చదివాను. నేనే చదివాను. సంపూర్ణ."

జవాబు రాలేదు. మరుసటి ఏడు హేమశ్రీకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ పల్లెలో ఆడవాళ్లకు అక్షరాలు చెప్పే పని సంపూర్ణమ్మకు అప్పగించింది. ఆ కబురు చెప్పాలని సంపూర్ణమ్మ గబగబా ఇంటికి నడిచి, గుమ్మం దాకా వచ్చాక, పొద్దున తను వేసిన తాళం చూసి ఆగిపోయింది.