తాత వినిపించని రికార్డు

నిన్న పొద్దున జాన్ కాక ఫోన్ చేసి, "తాత పోయిండురా" అన్నాడు.

"ఏడికి?" అన్నాను.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ మా తాత దేవదానం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి బెల్లంపల్లి వెళ్లి, పాత చర్చి మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చే రకం. అందుకే అడిగాను.

అటువైపు కాక ముక్కు చీదాడు.

అప్పుడు అర్థమైంది.

ఫ్రెండ్స్, మీలో చాలామందికి ఆయన గోదావరిఖనిలో ఒక రిటైర్డ్ బొగ్గు బాయి కార్మికుడు. అంతే. దయచేసి అందరూ ఒకసారి లేచి నిలబడండి. ఆయన జాజ్ బేస్ ప్లేయర్.

ఇక కూర్చోవచ్చు. జాజ్ అంటే ఏంటో నాకూ పూర్తిగా తెలియదు.

పంతొమ్మిది వందల అరవైల్లో తాత బెల్లంపల్లిలో బొగ్గు బాయి దిగేవాడు. లోపలికి వెళ్లగానే మొదటి పని, కర్రతో పైకప్పును కొట్టి వినడం. గట్టిగా మోగితే కప్పు మంచిగున్నట్టు, ముందుకు పోవచ్చు. డొల్లగా పలికితే వెనక్కి రావాలి. ఆ రెండు శబ్దాల తేడా తెలిసినవాడు షిఫ్టు అయ్యాక ఇంటికొస్తాడు.

తాత ఆ వినడాన్ని బాయిలోంచి పైకి తెచ్చుకున్నాడు.

పాత ప్లైవుడ్ పెట్టెలు విప్పి, మనిషి కంటే ఎత్తైన ఫిడేలు లాంటి బేస్ ఒకటి చేశాడు. బొగ్గు నింపిన టబ్బులు లాగే ఇనుప తాడు తెగితే పారేస్తారు కదా, అందులోంచి పోగులు తీసి తీగలు కట్టాడు. మొదటి ఆదివారం దాన్ని చర్చిలోకి మోసుకొస్తుంటే, పాస్టర్‌గారు లేచి నిలబడి ఎవరు పోయారని అడిగారట.

ఒక క్రిస్మస్‌కు బాయి ఆఫీసర్ల క్లబ్బులో వాయించడానికి బొంబాయి నుంచి బ్యాండ్ వచ్చింది. వాళ్ల బేస్ ప్లేయర్ జ్వరంతో పడ్డాడు. ఎవరో తాత పేరు చెప్పారు. తాత తన పెట్టెతో వెళ్లాడు.

బ్యాండ్ తిరిగి వెళ్లేటప్పుడు తాత కూడా వెళ్లిపోయాడు.

అప్పటికి మా సువార్త అవ్వతో పెళ్లయి ఏడాది. ఆమె వెళ్లలేదు. ఆమెను ఎవరూ రమ్మనలేదు.

బొంబాయి హోటళ్లలో మిగతా బేస్ ప్లేయర్లు ఆగకుండా నడుస్తూ పోతారట, తీగల మీద వేళ్లతో. తాత నాలుగు అడుగులు నడిచి, ఆగి, చెక్కను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, వినేవాడు. తర్వాతే ఐదో అడుగు. బ్యాండ్ లీడర్ మొదట్లో తిట్టాడు. కొన్నాళ్లకు డ్రమ్మర్ ఆ ఖాళీ కోసం ఎదురుచూడటం మొదలెట్టాడు. చివరికి తాత కొట్టి వింటే గానీ బ్యాండంతా ముందుకు కదిలేది కాదట.

ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, "బాయిల" అనేవాడు. అక్కడివాళ్లు ఎవరో పాటలు పాడే బాయీగారు ఈయనకు సంగీతం నేర్పిందనుకున్నారు.

ఈ సంగతి ఆయన అవ్వకు చెప్పకుండా ఉండాల్సింది.

డెబ్బైల్లో హోటళ్లు బ్యాండ్లను వదిలించుకున్నాయి. తాత వెనక్కి వచ్చి, గోదావరిఖనిలో మళ్లీ బాయి దిగాడు. అన్నేళ్లకు సాక్ష్యంగా చేతిలో ఆ బ్యాండ్‌తో వాయించిన ఒకే ఒక్క రికార్డు. పక్క క్వార్టర్ వాళ్ల ప్లేయర్ మీద పెట్టారు. ట్రంపెట్ వినిపించింది. పియానో వినిపించింది.

తాత వినిపించలేదు.

ఆ అరచేయంత స్పీకర్ అంత లోతు శబ్దాన్ని పలకదు. అవ్వకు ఆ ఫిజిక్స్ ఎవరు చెప్తారు? ఆమె మొత్తం విని ఒకటే అడిగింది.

"ఈ రికార్డుల నువ్వేడున్నవ్?"

"కింద ఉన్న" అన్నాడట తాత.

అప్పట్నుంచి మా ఇంట్లో అదే జోక్. తాత కాసేపు కనబడకపోతే, రికార్డులో ఉన్నాడేమో చూడమనేది అవ్వ. అందరం నవ్వేవాళ్లం. తాత కూడా నవ్వేవాడు. కాకపోతే అందరికంటే ఆలస్యంగా మొదలెట్టి, అందరికంటే ముందు ఆపేవాడు.

మొన్న క్రిస్మస్‌కు నా డిగ్రీకి తగిన పని ఒకటి చేశాను. పెళ్లి బరాతులకు డీజే పెట్టే దోస్తును బతిమాలి, బీరువా అంత బేస్ బాక్సులు రెండు ఇంటి ముందు దింపించాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా, రికార్డు తిరిగింది.

ముందు వంటింట్లో స్టీలు గ్లాసులు వణికాయి.

తర్వాత కిటికీ.

తర్వాత నా పొట్టలో ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు. నాలుగు అడుగులు.

ఆగడం.

టక్.

ఆ ఖాళీలో కాలనీ మొత్తం నేల మీంచి కాస్త పైకి తేలినట్టు అనిపించింది. తీగ మీద ఆరేసిన దుప్పట్లు, రోడ్డు మీద బొగ్గు లారీ, గాలిలో మసి, అన్నీ ఆయన తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందా అని చూస్తున్నట్టు.

అవ్వ గచ్చు మీద అరచేయి ఆనించి కూర్చుంది. పాట అయిపోయేదాకా తియ్యలేదు.

"మధ్యల గా ఆగుడేంది?" అంది.

"కొట్టి సూస్తున్న. ముందుకు పోవాల్నా, ఎనుకకు రావాల్నా అని."

"మరి ఏమన్నది?"

"వచ్చిన గద" అన్నాడు తాత.

అవ్వ మళ్లీ ఆ జోక్ వెయ్యలేదు.

ఈ రోజు పొద్దున శవపెట్టె మూశాక అవ్వ ముందుకొచ్చింది. పడిపోతుందేమోనని పట్టుకోవడానికి ఇద్దరు సిద్ధంగా నిలబడ్డారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. వంగి, మూత మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, చెవి ఆనించి విన్నది.

"గట్టిగనే ఉన్నది" అంది. "ఇగ పోనీయుండ్రి."

తాతా, కప్పు మంచిగున్నదట. ఫికర్ లేకుంట పండుకో. నీకు శాంతి.

నువ్వు కిందనే ఉన్నవ్ గద. వింటనే ఉంటం.