ఐదు చుక్కలు

వీడియో గేములు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం, ఆడేవాళ్ల పక్కన కూర్చుని వాళ్లెక్కడ తికమకపడుతున్నారో రాసుకోవడం. సాయం చేయకూడదు. ఏదైనా అడిగితే ఆ ప్రశ్ననే తిప్పి వాళ్లను అడగాలి. ఈ మాత్రం దానికి నాకు శిక్షణ కూడా ఇచ్చారు.

ఒకరోజు మా వరంగల్ ఆఫీసుకు మరిపెడ నుంచి పత్తి పండించే ఒక పెద్దమ్మ వచ్చింది. మా వ్యవసాయం గేమున్న ఫోను ఆమె చేతిలో పెట్టాను.

"గిదేంది బిడ్డా?"

"మీకేమనిపిస్తోంది పెద్దమ్మా?"

"ఇత్తనం ఏడ పెట్టాలె?"

"మీరైతే ఎక్కడ పెడతారు?"

అరగంట ఇలాగే గడిచింది. చివర్లో రేటింగ్ అడిగితే ఐదు చుక్కలూ నొక్కేసింది. నా శిక్షణంతా మర్చిపోయాను.

"ఒక్క గింజ గూడ నాటకపోతివి గదా పెద్దమ్మా, ఐదు ఎందుకిచ్చినవ్?"

ఆమె నా భుజం తట్టింది. "ఏదడిగినా నీకు తెల్వకపాయె. నేను బాగలేదంటే నీ నౌకరి ఉంటదా? ఫికర్ చెయ్యకు, నేర్సుకుంటవ్."

మర్నాడు మీటింగులో మా బాస్ ఆ ఐదు చుక్కలను తెర మీద చూపించి, "రైతులకు మన గేము తెగ నచ్చేసింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నౌకరి ఉండాలి కదా.