దోసాకు మీద సున్నం ఎవరిది?

1968 జనవరిలో నన్ను శ్రీకాకుళం దగ్గర ఒక పంచాయతీ సమితికి వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. పేరు పొడుగే కానీ హోదా మధ్యరకం. పైన బి.డి.ఓ. గారు, కింద గ్రామసేవకులు. జీపు ఆయనది, సైకిలు నాది.

వచ్చిన కొత్తలోనే శ్రీకూర్మం వైపు ఒక ఊరి నుంచి కబురొచ్చింది. అప్పన్న అనే రైతు దోసపాదుల మీద పక్కనున్న సున్నపు బట్టీ పొడి పడి పంట పోతోందట. ఆ బట్టీ సూరిది. సముద్రపు గుల్లలు కాల్చి సున్నం అమ్ముకునే ఈ సూరి అప్పన్న భార్య పైడమ్మకు సొంత తమ్ముడు. బట్టీ మూయించమని అప్పన్న మునసబు గారి దగ్గర తగవు పెట్టాడు. శిస్తు వసూలు చేసేదీ, తగవులు తీర్చేదీ ఆ రోజుల్లో మునసబే. పంట పోతే అప్పన్నకు ఆ ఏడు గడవదు. బట్టీ పోతే సూరికి బతుకుతెరువే లేదు. పైడమ్మ అడకత్తెరలో పోకచెక్క అయింది. బావా బావమరుదులిద్దరూ ఆవిడ వంటే తినాలి కనుక ఒకే అరుగు మీద వీపూ వీపూ పెట్టుకుని తినేవారు.

వెళ్లి ఆకు చూశాను. పై వైపు గుండ్రటి తెల్ల మచ్చలు, ముదిరిన చోట ఒకదానితో ఒకటి కలిసిపోయి, పిండి చల్లినట్టుగా ఉన్నాయి. వేలితో తుడిస్తే పొడి రాలి, కింద ఆకు పసుపు తిరిగి కనిపించింది. దీన్ని బూడిద తెగులంటారు. ఒక రకం బూజు; పగళ్లు పొడిగా, రాత్రులు చల్లగా ఉండే రోజుల్లో వస్తుంది. సున్నమే అయితే పక్కనున్న వంగమొక్కల మీదా పడాలి కదా, అవి శుభ్రంగా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

అప్పన్న ఒప్పుకోలేదు. "మా బావమరిదికి వంకాయంటే పేణం బాబూ. ఆటి మీదెందుకేస్తాడు?" అన్నాడు.

ఇంత గట్టి వాదనకు వ్యవసాయ కళాశాలలో నాకెవరూ జవాబు నేర్పలేదు. అప్పుడు పసుపు గుర్తొచ్చింది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. పెళ్లికి పారాణీ, పిల్లలకు దిష్టినీళ్లూ అలాగే చేస్తాం. తడిపిన పసుపులో ఆకు మీది పొడి కలుపుదాం, ఎర్రబడితే సున్నం, లేకపోతే తెగులు అన్నాను. ఇద్దరూ మునసబు గారి ఎదుట సరేనన్నారు. పైడమ్మ పళ్లెంలో పసుపు తడిపి తెచ్చింది. మునసబు గారుండగా పరీక్ష ఇంకొకరు చేయడమా? ఆయనే ఆకందుకుని, చూపుడువేలితో పొడి గీకి, పసుపులో రుద్దారు.

పసుపు ఎర్రబడింది.

పైడమ్మ పళ్లెం కింద పెట్టేసింది. "బావా, నీ పాదులు నానెందుకు సంపుకుంతాను? మా అక్క కూడు ఈటి మీదే కదేటి," అన్నాడు సూరి. గెలిచిన అప్పన్న మొహంలోనూ కళ లేదు. నాకైతే చదివిన చదువు మీదే అనుమానం వచ్చింది.

మునసబు గారు తీర్పుకు ముందు గొంతు సవరించుకుని, తమలపాకు తీసి, సున్నపుకాయలో వేలు పెట్టారు. అదే చూపుడువేలు.

నేను చూశాను. సూరి చూశాడు. పైడమ్మా చూసింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఆయన వేలు శుభ్రంగా లేదంటే నాకు ఆ ఊళ్లో మళ్లీ మంచినీళ్లు పుట్టవు. అందుకని, ఏ పరీక్షయినా రెండుసార్లు చేయాలనీ, రెండోసారి పెద్దలంతా చేతులు కడుక్కోవాలనీ మా శాఖలో నియమం ఉందని గంభీరంగా చెప్పాను. అలాంటి నియమం లేదు. ముందు నేనే మోచేతుల దాకా కడుక్కున్నాను. నా మాట పూర్తయ్యేలోపే పైడమ్మ మునసబు గారి ముందు చెంబుడు నీళ్లు పెట్టింది, ఇత్తడి తోమడానికి ఉంచుకున్న చింతపండుతో సహా.

ఈసారి కొత్తగా తడిపిన పసుపులో ఆయనే పొడి రుద్దారు. అది పసుపుగానే ఉంది. "ముందుది ఉత్తినే సూసినాను. ఇదే అసలుది," అన్నారు మునసబు గారు.

ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే, రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తున్నానంది పైడమ్మ, పసిపిల్లల మొహం తుడిచినట్టు. మొదటి పాదు నుంచి చివరి పాదు దాకా అదే గుడ్డ. తెగులు వరస తప్పకుండా ఎలా నడిచిందో అప్పుడు తెలిసింది. తుడవడం మాన్పించాను. ముదిరిన ఆకులు కోసి కాల్చమన్నాను. గంధకం పొడి పలచని గుడ్డలో మూటగట్టి, మంచు ఆరకముందే ఆకుల మీద దులపాలనీ, ఎండెక్కాక చల్లితే ఆకు మాడుతుందనీ చెప్పాను.

కోసిన ఆకులు కాల్చడానికి సూరి బట్టీ ఉండనే ఉంది. బుట్ట ఎత్తుకుని నడుస్తున్న అతనితో, "సూసుకోరా, పాదు తొక్కీగలవు," అన్నాడు అప్పన్న. తగవు మొదలయ్యాక అతనితో ఆడిన మొదటి మాట అదే. నాకు చాలా సంతోషం వేసింది. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. తర్వాత నేను వెళ్లినప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, దోసకాయ పప్పులో ఉప్పు గురించి పోట్లాడుకుంటూ తింటున్నారు.

తెగులు గుర్తించడానికి ఆకు చూడాలి, తీర్పు నమ్మడానికి చెప్పేవారి వేలు చూడాలి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ పరీక్షకైనా ముందు నీళ్లు తెప్పించేవాణ్ని. మునసబు గారూ ఆ నియమం పట్టించుకున్నారట. ప్రతి తగవుకూ ముందు చెంబు తెప్పించి, చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాతే తమలపాకుకు సున్నం రాసేవారట.